కొలవకుండా రాసిన నూట పది

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద నేను పనిచేసిన టైర్ల షాపులో ఇప్పుడు కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి కూచుంటుంది. మొన్న నాకు ఫోన్ చేసి ఒక సందేహం అడిగింది.

"అమ్మా, జాబ్ కార్డుల నట్ల బిగింపు రాసే గడుల కింద 'కొలవలేదు' అని ఇంకో గడి అచ్చేసి ఉంది కద. దాన్ల ఎవ్వరు టిక్కు పెట్టరు. ఉత్తగ జాగ తింటున్నది. కొత్త కార్డులు వేయిస్తున్నం, తీసెయ్యమంటవా?"

"తియ్యకు," అన్నాను. "ఎందుకో రాసి పంపిస్త. చదివినంక నీ ఇష్టం."

ఆమె కోసం మొదలుపెట్టిందే ఇది. కౌంటర్ మీద కూచుని ఇతరులు చేసిన పనిని కాగితం మీద పెట్టే వాళ్ళు ఎవరు చదివినా నాకు అభ్యంతరం లేదు.

నేను ఆ షాపులో 1986 మార్చి 3న చేరాను. 2014 ఫిబ్రవరి 28న మానేశాను. మూడు రోజులు తక్కువ ఇరవై ఎనిమిదేళ్ళు. నేను ఒక్క నట్టు కూడా బిగించి ఎరగను. నా పని కార్డు రాయడం. బండి నంబరు, కిలోమీటర్ల రీడింగు, ఏ చక్రంలో గాలి ఎంత, బ్యాలెన్స్ కోసం ఏ చక్రానికి ఎంత సీసం కట్టారు, నట్లు ఎంత బిగించారు. ఒక కాపీ బండివాళ్ళకు, ఒకటి నాకు. నా కార్డులో ఖాళీ గడి ఉండదని షాపులో పేరు. ఖాళీ గడి చూస్తే నాకు ముగ్గు మధ్యలో చుక్క వదిలేసినట్టు ఉండేది. అదే నా గొప్ప అనుకున్నాను. తర్వాత తెలిసింది, అదే నా రోగమని.

బిగింపు గురించి రెండు ముక్కలు చెప్పాలి. చక్రం నట్లను మామూలు పానాతో బిగిస్తే ఎంత బిగిశాయో చేతికి తెలియాలి తప్ప అంకె రాదు. టార్క్ పానా అని పొడుగు పిడిది ఒకటి ఉంటుంది. దాని మీద నూట పది అని పెడితే, నట్టు అంత బిగిశాక టక్ మంటుంది. అంతే, ఆపాలి. జీపుకు చక్రానికి ఐదు నట్లు, నాలుగు చక్రాలకు ఇరవై. నేను కౌంటర్ దగ్గర కూచుని తల ఎత్తకుండానే ఆ టక్కులు లెక్కపెట్టుకునేదాన్ని. ఇరవై వినపడగానే నాలుగు గడుల్లో నాలుగు సార్లు 110 రాసేదాన్ని. ఎవరూ నాకు అంకె చెప్పనక్కర్లేదు.

2012 అక్టోబర్ 23, మంగళవారం, మహర్నవమి. ఆయుధ పూజ ఏటా నా చేతి మీదే జరిగేది. పీట మీద టార్క్ పానా, గాలి మీటరు, సుత్తులు, లీవర్లు వరసగా పెట్టి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు పెట్టాను. మిషన్లకు దండలు వేశాం. గుమ్మడికాయ కొట్టేసరికి పన్నెండున్నర. పూజలో పెట్టిన పనిముట్టును దసరా వెళ్ళేదాకా ఎత్తకూడదు. మా షాపులో అది గట్టి నియమం, పెట్టిందీ నేనే. ఓనర్ గారు మధ్యాహ్నమే భీమవరం బయల్దేరారు. షాపు నా మీద వదిలి వెళ్ళడం ఆయనకు అలవాటే. మా పెద్ద మెకానిక్కును అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన గుమ్మడికాయ కొట్టేదాకా ఉండి, ప్రసాదం కట్టించుకుని ఒంటిగంటకు ఇంటికి పోయాడు. మిగిలింది నేను, ఫిట్టర్. ఫిట్టర్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. ఐదున్నరకు ఇమ్లీబన్ బస్టాండులో మెదక్ బస్సు పట్టుకోవాలి.

మూడున్నరకు హైదర్‌గూడ డాక్టరమ్మ గారి జీపు వచ్చి ఆగింది. ఆవిడ మందులు తీసుకుని అడవి పల్లెలకు వెళ్ళి వైద్యం చేసి వచ్చేవారు. అందుకోసం మడ్ టైర్లు కొన్నారు, బురదలో రాళ్ళలో పట్టు దొరికేలా పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు ఉండే టైర్లు. వాటిని మేము సోమవారమే కొత్త రిమ్ములకు ఎక్కించి, బ్యాలెన్స్ చేసి, గోడకు ఆనించి పెట్టాం. స్టెప్నీతో కలిపి ఐదు. బండికి తగిలించడమే మిగిలింది. సోమవారం రావలసిన బండి మంగళవారం వచ్చింది.

"అమ్మా, రేపు పొద్దుగాల మేడం చేవెళ్ళ దిక్కు పోవాలె," అన్నాడు డ్రైవరు. "పాతయి గుండు కంటె నున్నగైనయ్. జర ఈ నాలుగు చక్రాలు మార్చిస్తె దండం పెడ్త."

"పూజ అయిపోయిందన్నా. సామాను ముట్టొద్దు," అన్నాడు ఫిట్టర్.

"నీ సామాను ఎవడడిగిండు? నా బండ్లనే జాకీ ఉంది, పానా ఉంది. నీ చేతులు గూడ పూజల పెట్టినవా ఏంది?"

ఫిట్టర్ నవ్వి నా వైపు చూశాడు. నాకు నియమం తప్పకూడదు, పని ఆగకూడదు. బండి జాకీ, బండి పానా, మన పనిముట్లు ముట్టడం లేదు కాబట్టి దోషం లేదని నేనే తీర్పు చెప్పేశాను. చాలా తెలివిగా చెప్పాననుకున్నాను కూడా.

చక్రాలు ఎక్కించడం అయ్యే సమయానికి ఫిట్టర్ ఒక్కసారి పీట దగ్గరకు వచ్చాడు. "అమ్మా, టార్క్ పానా తియ్యాల్నా?"

"బొట్టు పెట్టింది తియ్యొద్దు. చేత్తోనే గట్టిగ బిగించు," అన్నాను.

అతను వెళ్ళాడు. అవతల డ్రైవరు, మేడం ఫోన్ చేస్తున్నది, అయిందా అయిందా అని. ఇవతల ఫిట్టర్ గోడ గడియారం చూసుకుంటున్నాడు. నేను కార్డు రాస్తున్నాను. రీడింగు, తేదీ, గాలి, సీసం. తర్వాత నాలుగు గడులు. 110, 110, 110, 110. టక్కులు వినపడలేదు. ఒక్కటి కూడా వినపడలేదు. అయినా రాశాను. దురుద్దేశం ఏమీ లేదు. కలం అక్కడికి వచ్చింది, చెయ్యి రాసింది. కార్డు చించి డ్రైవరుకు ఇచ్చాను. నాలుగున్నరకు షాపు మూశాం.

గురువారం పదకొండు గంటలకు జీపు మళ్ళీ వచ్చింది. రోడ్డు మలుపు తిరగకముందే వినపడింది. ఏదో పెద్ద తేనెటీగల గుంపు వస్తున్నట్టు.

"ఏందమ్మా ఇది!" డ్రైవరు దిగుతూనే మొదలుపెట్టాడు. "విమానం ఎక్కినట్టున్నది గాని లేస్తలేదు. నిన్న పోను రాను తొంభై రెండు కిలోమీటర్లు, మేడం ఒక్క ఫోన్ మాట్లాడలే. అరవై దాటితె స్టీరింగ్ గూడ గజగజ."

ఆ రోజు ఉస్తాద్ ఉన్నాడు. ఫిట్టర్ ఊరి నుంచి సోమవారానికి గానీ రాడు. ఉస్తాద్ టైరు మీద అరచేయి పెట్టి తిప్పి చూసి, దిమ్మల మధ్య వేలు పెట్టి చూపించాడు. "ఈ సందులల్ల గాలి ఇరుక్కుంటది, రోడ్డుకు కొట్టుకుంటది. మోత దానిదే. నయా చెప్పులు కిర్రుమంటయ్ కద, గట్ల. నాలుగు దినాలు తిరిగితె నువ్వే మర్చిపోతవ్."

నడిపి చూద్దామని ఉస్తాద్ ఎక్కాడు. రీడింగు రాసుకోవాలని నేనూ వెనక ఎక్కాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా, అక్కడి నుంచి తిరిగి అశోక్ నగర్ మీదుగా షాపుకు. మొత్తం నాలుగు కిలోమీటర్లు. మధ్యలో ఒక్కసారి ముల్లు ముప్పై ఐదు తాకింది. మిగిలినదంతా ఆటోల వెనక, బస్సుల వెనక. అశోక్ నగర్‌లో టీ కొట్ల దగ్గర పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ సర్కారు ఉద్యోగాల కోచింగ్ పిల్లలందరూ ఒకేసారి తలలెత్తారు. "ఏంది బే, నోటిఫికేషన్ పడ్డదా, గింత చప్పుడు?" అని ఒకడన్నాడు. మేమందరం నవ్వాం. స్టీరింగ్ వణకలేదు. ముప్పై ఐదులో ఎలా వణుకుతుంది? ఆ మాట ఆ రోజు ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఉస్తాద్ గాలి ముప్పై ఎనిమిది నుంచి ముప్పై రెండుకు తగ్గించాడు. నేను కార్డులో రాశాను: "శబ్దం సహజం. వణుకు కనిపించలేదు."

శుక్రవారం సాయంత్రం నాలుగూ నలభైకి డాక్టరమ్మ గారే వచ్చారు. ఆవిడ మాట ఎప్పుడూ మెల్లగా, పొదుపుగా ఉండేది.

"శబ్దం సంగతి వదిలెయ్యండి, దానికి నేను అలవాటు పడతాను. నిన్న సాయంత్రం నేనే నడిపాను. అరవై దాటగానే స్టీరింగ్ నా చేతుల్లో వణికింది. శబ్దం వేరు, ఇది వేరు. రెండూ కలిపి ఒకే జవాబు చెప్పకండి."

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. మేము రెంటికీ ఒకే మందు రాశాం.

ఉస్తాద్ గంభీరంగా విన్నాడు. చక్రం ఊడదీసి బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెడితే తేలిపోతుంది. కానీ నాలుగు నుంచి ఆరు దాకా కరెంటు కోత. పండగ పనులున్నాయి, ఉస్తాద్ ఐదింటికే పోవాలి. మర్నాడు శనివారం బక్రీదు, ఉస్తాద్ రాడు. డాక్టరమ్మ గారేమో శనివారం పొద్దున్నే మన్ననూరు దాటి అడవిలోకి వెళ్ళాలి. నర్సు, డ్రైవరు, మందుల పెట్టెలు. ఆ పల్లెల్లో జనం ఆ వారం కోసం ఎదురుచూస్తుంటారు. మానుకోవడం కుదరదు.

"అమ్మా," ఉస్తాద్ నన్ను అడిగాడు, "కార్డుల బిగింపు ఎంతున్నది?"

మంగళవారం కార్డు తీసి చదివాను. "నూట పది. నాలుగూ నూట పదే."

"పక్కా?"

"నా రాతే."

"మరి నట్లు కాదు. బ్యాలెన్స్‌దే ఫరక్," అన్నాడు. "మేడం, అరవై దాటకున్రి. సోమవారం తెండి, పొద్దుగాలనే చేసిస్త."

డాక్టరమ్మ గారు నా వైపు చూశారు. "మీరు నూట పది అంటే నూట పదే. సరే." కార్డు కాపీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళారు.

చదువుతున్నప్పుడైనా నాకు గుర్తు రావద్దా? రాలేదు. నా అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా, గడి మధ్యలో ఉన్నాయి. వాటిని నేను కూడా అందరిలాగే నమ్మాను.

శనివారం షాపులో నేనొక్కదాన్నే. పని ఉండదని తెలుసు. పాత కార్డులు సర్దుకుందామని తెరిచాను. గురువారం, శుక్రవారం పంచర్లు, గాలి తప్ప పెద్ద పని రాలేదు. అందుకని గాలి మీటరు, లీవర్లు తప్ప మిగిలిన పనిముట్లతో పూజ పీట ఇంకా ఆ మూలనే ఉంది. తొమ్మిదీ ముప్పై ఐదుకు పీట కడుగుదామని పనిముట్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతున్నాను. టార్క్ పానా చేతిలోకి తీసుకున్నాను. గుడ్డతో తుడవబోయి ఆగిపోయాను.

పిడి మీద పసుపు ఎండి పెళుసుగా ఉంది, ఎక్కడా వేలి ముద్ర లేదు. బొట్టు మంగళవారం నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. అంకెలు తిప్పే చోట ఒక బంతి రేక అంటుకుని ఎండిపోయింది. పన్నెండున్నరకు పూజ. మూడున్నరకు జీపు. నాలుగు గడుల్లో నూట పది.

స్టూలు మీద కూచున్నాను. వెంటనే లేచాను. కూచోవడానికి టైము లేదు.

డ్రైవరుకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మూడు సార్లు. ఆ మోతలో ఫోను ఎలా వినపడుతుంది? డాక్టరమ్మ గారి ఫోను అందుబాటులో లేదు. ఆవిడ క్లినిక్‌కు చేస్తే అక్కడి అమ్మాయి ఎత్తింది. "ఆరున్నరకు పోవాల్సింది మేడం, మందుల పెట్టెలు లేటయినయ్. ఏడుంబావుకు బయల్దేరిన్రు."

కాగితం తీసుకుని లెక్క వేశాను. ఏడూ పదిహేను నుంచి తొమ్మిదీ నలభై దాకా రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. టీకి ఇరవై తీసేస్తే రెండు గంటల ఐదు. సిటీ దాటేదాకా నెమ్మది, తర్వాత యాభై, యాభై ఐదు. తొంభై ఐదు కిలోమీటర్లు వేసుకున్నాను. అంటే డిండి దగ్గర. మన్ననూరు నూట ముప్పై ఐదు. ఇంకా నలభై, యాభై నిమిషాలు. అక్కడ అడవి చెక్‌పోస్టు, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. మలుపులు, లోయ. ఫోన్లు ఉండవు. పదీ ఇరవై ఐదు లోపల ఎవరో ఒకరు ఆ బండిని ఆపాలి. మంగళవారం నుంచి తిరిగిన కిలోమీటర్లు కూడా కలిపాను. బుధవారం తొంభై రెండు, సిటీలో నలభై ఒకటి, ఇవాళ్టివి. మన్ననూరు చేరేసరికి రెండు వందల అరవై ఎనిమిది అవుతాయి. సరిగా బిగించని నట్టు ఎన్ని కిలోమీటర్లు ఆగుతుందో నా లెక్కల్లో ఎక్కడా లేదు.

మన్ననూరు అనగానే ఒకటి గుర్తొచ్చింది. పదేళ్ళ కింద మా షాపులో పని నేర్చుకున్నతను ఒకడు ఆ చెక్‌పోస్టు పక్కనే పంచర్ షాపు పెట్టుకున్నాడు. అతని నంబరు ఉస్తాద్ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఉస్తాద్ ఫోన్ ఎంగేజ్. ఆరు సార్లు చేశాను, ఆరు సార్లూ ఎంగేజ్. పండగ, ముబారక్‌లు చెప్పుకుంటున్నారు, తప్పెవరిది? షట్టర్ దించి ఆటో ఎక్కాను. ముషీరాబాద్ అన్నాను.

ఆటోలోంచి ఓనర్ గారికి చేశాను. ఆయనకు చెప్పకుండా దాచడం నాకు చేతకాదు. అంతా విన్నారు.

"ఏమండీ, మీరు కంగారు పడకండి. ముందు బండి ఆపించండి. కానీ ఫోన్లో ఏమీ ఒప్పుకోవద్దు. ఫిట్టర్ సరిగ్గా బిగించలేదని చెప్పండి. వాణ్ణి సోమవారం నుంచి రావద్దనేద్దాం. మీ కార్డు మాత్రం కరెక్టుగానే ఉంది కదా?"

"కార్డే తప్పండీ," అన్నాను. హారన్ల గోలలో ఆయనకు వినపడిందో లేదో. మళ్ళీ అదే చెప్పారు. "కార్డు ఉంది కదా, కార్డు మీదే నిలబడండి."

ఉస్తాద్ ఇంటి ముందు చెప్పుల వరస. ఆయన తెల్ల బట్టల్లో, అత్తరు వాసనతో, ఎవరినో ఆలింగనం చేసుకుంటూ నన్ను చూశాడు. ముఖం మారిపోయింది. ఇరవై ఆరేళ్ళలో నేను ఆయన ఇంటికి వెళ్ళడం అదే మొదలు.

"ఏమైందమ్మా?"

చెప్పాను. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. ఆయన అక్కడే ఫోను తీసి నంబరు వెతికాడు. పదీ ఎనిమిదికి అవతల ఎత్తారు.

"అరే సున్, జీపు, కొత్త మడ్ టైర్లు, డాక్టర్ మేడం. చెక్‌పోస్టు దాటనియ్యకు. అడ్డం పడుకో గాని ఆపు. నట్లు చూడు, ఫస్టు నట్లు చూడు." ఆ తర్వాత ఫోను నాకిచ్చాడు.

"కార్డుల అమ్మనా?" అన్నాడు అవతల మనిషి. "ఇప్పటిదాకనైతె పోలేదమ్మా. నేను రోడ్డు మీద నిలబడ్త. పరేషాన్ కాకు."

ఉస్తాద్ భార్య నాకు కుర్చీ వేసింది. నీళ్ళు తెచ్చింది. గ్లాసు చేతిలోనే ఉంది గానీ తాగలేదు. గోడ మీద గడియారం ఉంది. పదీ పదిహేను. ఇరవై. ఇరవై ఐదు. నా లెక్క ప్రకారం రావాలి. ఇరవై ఎనిమిది. వాళ్ళు ఇంకో దారిన వెళ్ళారా? అతను చూసేలోపే దాటారా? లేక డిండికి, మన్ననూరుకు మధ్యన ఎక్కడో... ఆ వాక్యం నేను పూర్తి చెయ్యలేదు. చుట్టాలు గుమ్మం దాకా వచ్చి, మమ్మల్ని చూసి గొంతులు తగ్గించి లోపలికి పోతున్నారు. ఉస్తాద్ నా పక్కనే నిలబడ్డాడు, కూచోలేదు.

పదీ ముప్పై నాలుగుకు ఫోను మోగింది.

"ఆపిన అమ్మా! బండి కనబడకముందే ఇనబడ్డది. మలుపు అవుతలనే గుర్తుపట్టిన. గంత మోత ఇంక దేనికుంటది?" అతను రొప్పుతున్నాడు. "ముందు ఎడమ చక్రం. ఐదు నట్లల రెండే ఉన్నయ్. ఆ రెండు గూడ వేళ్ళతోని తిరుగుతున్నయ్. రిమ్ము బొక్కలు కోడిగుడ్డు లెక్క అయినయ్. ఇంక నాలుగు మలుపులు తిరుగుతుండె కావచ్చు, గంతే. మిగిలిన మూడు చక్రాలు గట్టిగనే ఉన్నయ్. స్టెప్నీ ఎక్కిస్తున్న, నా తాన నట్లున్నయ్."

నీళ్ళు అప్పుడు తాగాను.

తర్వాత ఫోను డాక్టరమ్మ గారు తీసుకున్నారు. గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది.

"మీ కార్డు నా చేతిలోనే ఉంది. ముందు ఎడమ, నూట పది అని ఉంది. ఇక్కడేమో మూడు నట్లు లేవు. ఎలా జరిగింది?"

ఓనర్ గారి మాట చెవిలోనే ఉంది. నిజానికి అది పెద్ద అబద్ధం కూడా కాదు. ఫిట్టర్ ఎక్కడో పొరబడే ఉంటాడు. కార్డు మీద నిలబడితే ఇరవై ఆరేళ్ళ నా పేరు నిలబడుతుంది, అతని పని పోతుంది. ఉస్తాద్ నా ముఖమే చూస్తున్నాడు.

"ఆ అంకె కొలిచింది కాదు డాక్టర్ గారూ," అన్నాను. "అలవాటుగా నేను రాసింది. కొలిచే పానా పూజలో ఉందని తియ్యొద్దన్నది నేను. నిన్న మీ ముందు నమ్మకంగా చదివింది కూడా నేనే."

అవతల ఆవిడ కార్డు మడతపెట్టిన చప్పుడు వినపడింది.

"ఎక్కడున్నారు మీరు?"

"ఉస్తాద్ ఇంట్ల."

"ఆయనకు ఇవాళ పండగ కదా. వదిలెయ్యండి ఆయన్ని. మీరు ఇంటికెళ్ళి అన్నం తినండి. సోమవారం వస్తాను."

క్షమించారో లేదో ఆ మాటల్లో తెలియలేదు. సోమవారం దాకా ఆ రెండు రోజులు నేను ఎలా గడిపానో రాయను.

సోమవారం ఓనర్ గారు పొద్దున్నే దిగారు. ఫిట్టర్ కూడా వచ్చాడు. నేను శనివారం జరిగింది ఒక పేజీ రాసి, సంతకం పెట్టి, ఓనర్ గారి బల్ల మీద ఉంచాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమండీ, మీరు ఇలా రాసిస్తే నేను వాణ్ణి ఏమనగలను?"

"అందుకే రాసిన," అన్నాను.

ఫిట్టర్‌ను పిలిచి నేనే చెప్పాను. అతను నేల చూస్తూ నిలబడ్డాడు. "మూడు చక్రాలు బిగించిన అమ్మా. నాలుగోదానికి నట్లు ఎక్కించిన, డ్రైవరన్న జల్ది జల్ది అన్నడు, జాకీ దించిన. బస్సుల కూసున్నంక గూడ యాదికి రాలే. ఎప్పుడు టక్కు టక్కు లెక్క మీదనే చేస్త కద. ఆ దినం లెక్కే లేకపాయె."

లెక్క లేకపోవడం ఇద్దరికీ ఒకటే. అతను చక్రం మర్చిపోయాడు. అతను మర్చిపోలేదని నేను రాసిచ్చాను.

డాక్టరమ్మ గారు పదకొండింటికి వచ్చారు. నా ఎదురుగా కూచుని, సంచిలోంచి మడతలు పడ్డ కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"దిద్దండి."

నాలుగు అంకెల మీద నాలుగు అడ్డగీతలు గీశాను. పక్కన "కొలవలేదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఆవిడ కలం తీసుకుని దాని కింద తను కూడా సంతకం చేశారు, ఆస్పత్రి కాగితం దిద్దినట్టు.

"మా వార్డులో టెంపరేచర్ చార్టులు చూస్తుంటాను," అన్నారు. "రాత్రంతా తొంభై ఎనిమిదీ నాలుగు, తొంభై ఎనిమిదీ నాలుగు. చక్కటి అక్షరాలు. పేషెంటు ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతుంటుంది. ఖాళీగా వదిలితే నేను వెళ్ళి చూసేదాన్ని కదా?" ఆ తర్వాత ఓనర్ గారి వైపు తిరిగారు. "కార్డులో ఈ గడి ఒకటి అచ్చు వేయించండి. కొలవలేదు అని."

"కస్టమర్లు చదివి భయపడతారండీ," అన్నారు ఓనర్ గారు.

"భయపడాలనే."

బయట డ్రైవరు బానెట్‌కు ఆనుకుని ఉన్నాడు. వణుకు పోయిందా అని అడిగాను. "వణుకు పోయిందమ్మా. మోత పోలే. నేనైతె తియ్యనియ్య. ఆ మోతే లేకుంటె వాడు మమ్ముల్ని గుర్తుపడుతుండెనా?" అన్నాడు. ఆ టైర్లు అరిగిపోయేదాకా రోడ్డు మలుపులో ఆ చప్పుడు వినపడినప్పుడల్లా నేను కలం కింద పెట్టేదాన్ని.

మరుసటి ఏడు మహర్నవమికి టార్క్ పానాకు పసుపు రాశాను, బొట్టు పెట్టాను. పీట మీద పెట్టలేదు. గోడకు దాని మేకుకే తగిలించాను. ఉస్తాద్ చూసి తల ఊపాడు.

2014 ఫిబ్రవరి 28, నా చివరి రోజు, శుక్రవారం. సాయంత్రం ఆఖరి బండి ఒక జీపే. ఫిట్టర్ బిగిస్తున్నాడు. నేను తల వంచుకుని, కార్డు రాస్తూ, లోపల లెక్కపెట్టుకుంటున్నాను. పదిహేడు. పద్దెనిమిది. పంతొమ్మిది.

ఆగిపోయింది.

తల ఎత్తాను. ఫిట్టర్ ఆఖరి నట్టు మీద పానా పెట్టి, బిగించకుండా, నా వైపే చూస్తున్నాడు. పక్కన ఉస్తాద్ చేతులు కట్టుకుని గోడ వైపు తిరిగాడు గానీ నవ్వుకు భుజాలు కదులుతున్నాయి.

"రాస్కోవా అమ్మా?" అన్నాడు ఫిట్టర్. "టైమైంది, ఇంటికి పోవద్దా?"

నేను కలం గడి మీద ఆనించి కూచున్నాను. ఎంతసేపైనా కూచునేదాన్నే.

టక్.

అప్పుడు రాశాను.